పేటెంటు చదవడం నేర్చుకుందాం, 5వ పాఠం: అయస్కాంతం అదనంగా పెడితే తప్పించుకున్నట్టేనా?

గత పాఠం చివర ఇచ్చిన బట్టల క్లిప్పు లెక్క చాలామందిని బోల్తా కొట్టించింది. వచ్చిన జవాబుల్లో తప్పులు రకరకాలుగా లేవు, ఒకే గుంతలో అందరూ పడ్డారు. అందుకని ఈసారి చెబుతానన్న క్లెయిము (పేటెంటు హక్కు ఎందాకా ఉందో హద్దు గీసే వాక్యం) రాసే పద్ధతిని వెనక్కి నెట్టి, ముందు ఆ గుంత పూడుస్తాను. పేటెంటు నంబరు పట్టుకుని పత్రం వెతకడం, మొదటి పేజీలో తేదీలు చూడడం వంటివి మీకు వచ్చేశాయని అనుకుంటున్నాను. వాటి జోలికి మళ్ళీ వెళ్ళను.

లెక్క ఇది. అభ్యాసం కోసం కల్పించిన క్లెయిములు:

క్లెయిము 1. వస్త్రాన్ని తీగకు పట్టి ఉంచే క్లిప్పు. అందులో మొదటి కాడ, రెండో కాడ, ఆ రెండు కాడల నడిమి భాగాల మధ్య ఉండి, వాటి ముందు కొసలను ఒకదానివైపు ఒకటి నెట్టే చుట్టస్ప్రింగు, మొదటి కాడ లోపలి ముఖంలో తీగ కూర్చోవడానికి అడ్డంగా ఉన్న ఒక గాడి ఉంటాయి.

క్లెయిము 2. క్లెయిము 1లోని క్లిప్పే, స్ప్రింగు ఉక్కుది.

క్లెయిము 3. క్లెయిము 2లోని క్లిప్పే. కాడలు రెండూ ప్లాస్టిక్‌వి.

ఇప్పుడు ఒకరు చెక్క కాడలు, ఇత్తడి చుట్టస్ప్రింగు, రెండు కాడలకూ చెరో గాడి, తోక దగ్గర ఒక చిన్న అయస్కాంతం ఉన్న క్లిప్పు చేశారు. ఇది ఏ క్లెయిముకు చిక్కుతుంది, అంటే ఏ క్లెయిమును ఉల్లంఘిస్తుంది?

జవాబు: క్లెయిము 1కి చిక్కుతుంది. 2కీ 3కీ చిక్కదు.

ఎక్కువమంది 'దేనికీ చిక్కదు' అన్నారు. చెప్పిన కారణాలు మూడు: అయస్కాంతం కొత్తది, గాడులు రెండు ఉన్నాయి, లెక్కతో ఇచ్చిన బొమ్మలో కాడలు ప్లాస్టిక్‌వైతే ఇక్కడ చెక్కవి. మూడో కారణాన్ని ముందు తేల్చేద్దాం. బొమ్మ ఒక ఉదాహరణ మాత్రమే. క్లెయిములో లేని పదార్థాన్ని బొమ్మ చూసి క్లెయిములోకి లాక్కురాకూడదు. క్లెయిముల్లో భాగాల పక్కన కనిపించే అంకెలదీ అదే సంగతి. అవి బొమ్మలో ఎక్కడ చూడాలో చెప్పే గుర్తులే తప్ప హద్దులు కావు. యూరోపియన్ పేటెంటు నిబంధనల్లో 43(7) ఈ మాటే నేరుగా చెబుతుంది.

చెక్కా ప్లాస్టిక్కా అన్న అనుమానాన్ని తీర్చడానికి ఒక దగ్గరి దారి ఉంది. నేనెప్పుడూ క్లెయిములను కింది నుంచి పైకి చదువుతాను. క్లెయిము 3 'కాడలు ప్లాస్టిక్‌వి' అని ప్రత్యేకంగా చెప్పిందంటే, క్లెయిము 1లోని కాడలు దేనివైనా కావచ్చన్నమాట. లేకపోతే క్లెయిము 3 రాయడమే దండగ. క్లెయిము 2లో ఉక్కు కనిపించగానే క్లెయిము 1లో ఇత్తడి స్ప్రింగుకు చోటుందని తెలిసిపోతుంది. స్వతంత్ర క్లెయిములో (1 లాగా వేరేదాన్ని ఆనుకోనిది) ఒక మాటకు ఎంత వెడల్పు ఉందో తెలియకపోతే, దాని కింద వేలాడే ఆధారిత క్లెయిములు కొలబద్దలా పనికొస్తాయి. కోర్టులు దీన్ని ఊహగానే తీసుకుంటాయి, తిరుగులేని సూత్రంగా కాదు. అయినా మొదటి చదువుకు ఇంతకన్నా మంచి పనిముట్టు నాకు కనబడలేదు.

క్లెయిము 3 దగ్గర కొందరు ఇంకోలా జారారు. ఇత్తడి స్ప్రింగు, ప్లాస్టిక్ కాడలు ఉన్న క్లిప్పు క్లెయిము 3కి చిక్కుతుందని రాశారు. చిక్కదు. క్లెయిము 3 తగులుకున్నది 2కి, 1కి కాదు. అంటే 1లో ఉన్నవన్నీ, 2లోని ఉక్కు, 3లోని ప్లాస్టిక్ అన్నీ ఒకేచోట ఉండాలి. 'క్లెయిము ఫలానాలో' అన్న అంకెను వేలితో పట్టుకుని గొలుసు చివరిదాకా వెళ్ళండి.

గాడి ఒకటా రెండా అన్నది ఇంగ్లిషు పేటెంట్లు చదివేవాళ్ళను తరచు తికమక పెడుతుంది. అక్కడ 'ఎ గ్రూవ్' అని ఉంటుంది. అమెరికా పద్ధతిలో, 'కంప్రైజింగ్' అన్న మాట తర్వాత వచ్చే 'ఎ' అంటే సాధారణంగా ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ. సరిగ్గా ఒకటే కావాలంటే రాసేవాళ్ళు 'సింగిల్', 'ఓన్లీ వన్' లాంటి మాట పెడతారు. రెండు గాడులున్న క్లిప్పులో ఒక గాడి ఉందా? ఉంది. అంతే.

ఇక అయస్కాంతం. అసలు గుంత ఇదే, నన్ను విసిగించేదీ ఇదే.

'నా దాంట్లో వాళ్ళ దాంట్లో లేనిది ఒకటి ఉంది, కాబట్టి నాది వేరు' అన్న ఆలోచన మామూలు జీవితంలో సబబే. పేటెంటు దగ్గర మాత్రం పూర్తిగా తప్పు. క్లెయిము అడిగే ప్రశ్న ఒక్కటే: నేను చెప్పిన ప్రతి భాగమూ, నేను చెప్పిన అమరికలో, నీ వస్తువులో ఉందా? ఉంటే చిక్కినట్టే. ఆపైన నువ్వు ఏం తగిలించావో నాకు అక్కర్లేదు. 'కంప్రైజింగ్' అంటే 'ఇవి ఉంటాయి, ఇంకేమైనా ఉంటే ఉండనీ' అని. మన క్లెయిము 1 చివర ఉన్న 'ఉంటాయి' అదే. దీనికి ఎదురుగా 'కన్సిస్టింగ్ ఆఫ్' అన్న మాట ఉంది: ఇవే ఉంటాయి, ఇంకేవీ ఉండకూడదు. ఆ మాట ఉంటే అయస్కాంతం మిమ్మల్ని కాపాడే అవకాశం ఉండేది. అయితే అది రసాయన మిశ్రమాల్లో కనిపించినంతగా యంత్రాల్లో కనిపించదు. యాంత్రిక క్లెయిములో అది ఎదురైతే, రాసినవాళ్ళు ఎందుకు అంత బిగించుకున్నారో తప్పకుండా ఆరా తీయండి.

ఇందులోంచి వచ్చే తలకిందుల లెక్క చాలామందికి మింగుడుపడదు. పొడవాటి క్లెయిము బలమైనది కాదు, ఇరుకైనది. మాట పెరిగేకొద్దీ తప్పించుకునే సందు పెరుగుతుంది. రెండు పేజీల క్లెయిము చూసి భయపడేవాళ్ళే మూడు వరసల క్లెయిమును తేలిగ్గా తీసేస్తారు. భయపడాల్సింది ఆ మూడు వరసలకు.

ఇంకో మెట్టు దిగుదాం. అయస్కాంతం పెట్టినవారు 'అయస్కాంతం ఉన్న క్లిప్పు' మీద సొంతంగా పేటెంటు తెచ్చుకున్నారనుకోండి. ఇప్పుడైనా క్లిప్పులు చేసుకోవచ్చా? చేసుకోలేరు. పేటెంటు ఇతరులను ఆపే హక్కు ఇస్తుంది, చేసుకునే అనుమతి ఇవ్వదు. క్లెయిము 1 యజమాని వీళ్ళను ఆపగలరు. వీళ్ళు కూడా ఆ యజమానిని అయస్కాంతం పెట్టకుండా ఆపగలరు. ఇద్దరూ ఒకరి తలుపుకు ఒకరు తాళం వేసుకుని కూర్చున్నట్టు.

ఇది కాగితం మీద కట్టిన ఉదాహరణ కాదు. ఆవిరి యంత్రంలో విడి కండెన్సరు (ఆవిరిని చల్లార్చి నీరు చేసే గది) మీద జేమ్స్ వాట్ పేటెంటు 1769 నాటిది, పార్లమెంటు చట్టంతో 1800 దాకా పొడిగింపు పొందింది. ఆవిరి యంత్రం ముందువెనకల కదలికను చక్రం తిరుగుడుగా మార్చడానికి క్రాంకు (ఇరుసుకు తగిలించిన వంకర చేయి) వాడే పద్ధతి మీద 1780లో జేమ్స్ పికార్డ్ పేటెంటు తీసుకున్నాడు. క్రాంకు మనుషులకు ఏనాడో తెలిసినదే. అయినా వాట్ ఆ పేటెంటుతో తగువుకు దిగలేదు, పక్కదారి వెతికాడు. 1781 పేటెంటులో ఉన్న సూర్య-గ్రహ గేరు ఆ పక్కదారే. దాన్ని ఆలోచించింది ఆయన దగ్గర పనిచేసిన విలియం మర్డాక్ అంటారు. కండెన్సరు యజమానికి క్రాంకు లేదు, క్రాంకు యజమానికి కండెన్సరు లేదు. 1794లో పికార్డ్ పేటెంటు గడువు తీరేదాకా ఇదే వరస.

కుట్టుమిషనుదీ అదే కథ. ఎలియస్ హోవ్ 1846 పేటెంటులో మొన దగ్గర బెజ్జం ఉన్న సూది, షటిల్, రెండు దారాల లాక్‌స్టిచ్ ఉన్నాయి. ఐజాక్ సింగర్ 1851 యంత్రంలో సూది నిలువుగా ఆడుతుంది, గుడ్డ బల్ల మీద పడుకుంటుంది. వాడుకకు హోవ్ యంత్రం కన్నా అది చాలా మెరుగు. మెరుగైనంత మాత్రాన బెజ్జం మొనలోంచి పోలేదు. సింగర్ హోవ్‌కు డబ్బు కట్టక తప్పలేదు. చివరికి 1856లో హోవ్, సింగర్, వీలర్ అండ్ విల్సన్, గ్రోవర్ అండ్ బేకర్ తమ పేటెంట్లను ఒకే కుప్పగా పోసుకుని లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు.

కాబట్టి తప్పించుకునే దారి కలపడంలో లేదు, తీసేయడంలో ఉంది. క్లెయిము 1లో ఏదో ఒక భాగం మీ వస్తువులో లేకుండా చేయాలి. క్లిప్పునే తీసుకోండి. రెండు కాడలనూ ఒకే ప్లాస్టిక్ ముక్కగా పోతపోసి, మధ్యలో పలచటి వంపు పెడితే ఆ వంపే స్ప్రింగు పని చేస్తుంది. చుట్టస్ప్రింగు లేదు. మాటకు మాట పెట్టి చూస్తే క్లెయిము 1కి చిక్కదు. అయితే ఆ వంపు పదేపదే తెరిచి మూస్తుంటే అలసి పగులుతుంది. పాలీప్రొపిలీన్ కొంత తట్టుకుంటుంది, పాలీస్టైరీన్ తొందరగా విరుగుతుంది. పేటెంటు తప్పించుకోవడానికి చేసిన మార్పు వస్తువును పాడుచేస్తే లాభమేమిటో మీరే చూసుకోవాలి.

'మాటకు మాట' అని ఎందుకన్నానంటే, మాట సరిపోకపోయినా పని ఒకటే అయితే కోర్టు ఒప్పుకోకపోవచ్చు. రాస్ వైనన్స్ అమెరికాలో బొగ్గు రైలు పెట్టెకు పేటెంటు తీసుకున్నాడు. కొస నరికిన శంకువు ఆకారం, బరువు అన్ని వైపులా సమానంగా పడుతుంది. ఎదుటివాళ్ళు దాన్ని ఎనిమిది పలకలుగా చేశారు. ఎనిమిది పలకలు గుండ్రం కాదు కదా అన్నారు. అమెరికా సుప్రీం కోర్టు ఒక్క ఓటు తేడాతో వైనన్స్ పక్షాన నిలిచింది. బ్రిటన్‌లో క్యాట్నిక్ ఉక్కు లింటెల్ (తలుపు, కిటికీ పైన గోడ బరువు మోసే దూలం) కేసు 1980లో తేలింది. క్లెయిములో వెనక పలక 'నిలువుగా' ఉండాలని ఉంది. ఎదుటి కంపెనీ ఒకదాన్ని 6 డిగ్రీలు, ఇంకోదాన్ని 8 డిగ్రీలు వాల్చింది. బరువు మోసే సామర్థ్యం తగ్గింది 0.6 శాతం, 1.2 శాతం మాత్రమే. కట్టుబడి పనివాడికి అది నిలువే అని కోర్టు తేల్చింది.

ఇంకో కేసు దీనికి ఎదురు. వెంట్రుకలు పీకే ఎపిలేడీ యంత్రం క్లెయిములో 'హెలికల్ స్ప్రింగు' ఉంది. రెమింగ్టన్ దాని బదులు చీలికలు పెట్టిన రబ్బరు కడ్డీ వాడింది. తిరిగేటప్పుడు చీలికలు తెరుచుకుని మూసుకుంటాయి, స్ప్రింగు చుట్ల మధ్య ఖాళీ చేసే పనే అవీ చేస్తాయి. 1990 చుట్టూ బ్రిటన్ కోర్టు 'రబ్బరు కడ్డీ స్ప్రింగు కాదు, ఉల్లంఘన లేదు' అంది. జర్మనీ కోర్టు 'ఉల్లంఘనే' అంది. పేటెంటూ ఒకటే, వస్తువూ ఒకటే. 2017లో ఆక్టావిస్ కేసుతో బ్రిటన్ సుప్రీం కోర్టు కూడా సమానతలను, అంటే మాట వేరైనా అదే పని చేసేవాటిని, లెక్కలోకి తీసుకుంది. అందుకే క్లెయిములోని ఒక్కో అంశాన్ని ఒక్కో వరసగా రాసి వస్తువుతో పోల్చే మీ పట్టికలో ఇలాంటి వరస వస్తే 'లేదు' అని కొట్టేయకుండా 'అనుమానం' అని రాయండి.

అనుమానం ఉన్న ప్రతి వరసకూ ఒక పని ఉంది: దరఖాస్తు పరిశీలనలో ఆ మాటను తర్వాత చేర్చారా అని పేటెంటు ఆఫీసుతో నడిచిన పాత ఉత్తరాలు తీసి చూడడం. ఫెస్టో కంపెనీ అయస్కాంత సిలిండరు క్లెయిముల్లో రెండు సీలు రింగులు, అయస్కాంతత్వం పట్టే తొడుగు అన్న మాటలు సవరణలో వచ్చాయి. పోటీదారు ఒకే రింగు, అయస్కాంతత్వం పట్టని తొడుగు వాడాడు. సవరణతో వదులుకున్న చోటును సమానత పేరుతో తిరిగి అడగడం మామూలుగా కుదరదని, ఆ అడ్డును దాటే బాధ్యత పేటెంటు యజమానిదేనని 2002లో అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది.

'మీన్స్ ఫర్' అని మొదలయ్యే భాగం గురించి ఒక్క మాట. 'కొసలను దగ్గరికి నెట్టే సాధనం' అని చదవగానే అన్ని రకాల స్ప్రింగులూ వచ్చేస్తాయనిపిస్తుంది. అమెరికాలో సెక్షన్ 112(ఎఫ్) ప్రకారం ఆ మాట పేటెంటులోని వివరణ భాగంలో చూపిన నిర్మాణానికీ దానికి సమానమైనవాటికే పరిమితం. ఇది కనబడితే వివరణకు వెళ్ళి ఆ పని చేసే భాగమేదో వెతికి, దాని పేరు పట్టికలో రాయండి.

పట్టిక ఎలా గీయాలో గతసారి చెప్పాను, ఒక సవరణ. చాలామంది భాగాల పేర్లే వరసలుగా రాశారు: కాడ, కాడ, స్ప్రింగు, గాడి. నాలుగు చాలవు. 'నడిమి భాగాల మధ్య' ఒక వరస, 'ముందు కొసలను ఒకదానివైపు ఒకటి నెట్టే' ఇంకో వరస, 'లోపలి ముఖంలో' మరొకటి. యంత్రాల క్లెయిముల్లో భాగాలు తరచు పాతవే, కొత్తదనం అవి కలిసే తీరులో ఉంటుంది. తోక కొసన చుట్టస్ప్రింగు పెట్టిన క్లిప్పు నాలుగు వరసల పట్టికలో చిక్కినట్టు కనిపిస్తుంది, ఏడు వరసల పట్టికలో తప్పించుకుంటుంది. కుడి గడిలో 'ఇలాంటిదే ఉంది' అని రాయకండి. ఆ భాగం పేరు, ఎక్కడుందో, కొలత ఉంటే కొలత రాయండి.

ఇంకో సంగతి: మన క్లెయిము 1 నేడు ఎవరికీ దక్కదు, అలాంటి క్లిప్పులు ఎప్పుడో వచ్చేశాయి కాబట్టి. డేవిడ్ స్మిత్ స్ప్రింగు క్లిప్పు 1853 నాటిది, సోలన్ మూర్ చుట్టిన తీగ క్లిప్పు 1887 నాటిది. చిక్కడం వేరు, చెల్లడం వేరు. చెల్లడం గురించి 7వ పాఠంలో చెబుతాను.

అభ్యాసం. గిడియన్ సుండ్‌బ్యాక్ జిప్పు పేటెంటు తీయండి, అమెరికా నంబరు 1,219,881, 1917. మీ సంచికున్న జిప్పును భూతద్దం కింద పెట్టి, పళ్ళ పైభాగంలో గుబ్బ, అడుగున గుంట చూసుకోండి. ఆ పేటెంటులోని ప్రతి స్వతంత్ర క్లెయిముకూ వేరే పట్టిక గీయండి. 'ఉంది', 'లేదు', 'అనుమానం' తప్ప నాలుగో మాట వాడకండి. తర్వాత చుట్టు తిరిగిన నైలాను పళ్ళ జిప్పు తీసుకుని అవే పట్టికలు మళ్ళీ నింపండి. రెండు సాయంత్రాలు పడుతుంది. మొదటి జిప్పుకు 'ఉంది' అయి రెండోదానికి 'అనుమానం' అయిన వరసలను విడిగా ఒక కాగితం మీద రాసి ఉంచండి. వచ్చే పాఠం వాటితోనే మొదలవుతుంది.