ట్రక్ క్యాంపర్ ఎక్కించాక పికప్ కుంగుతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

పికప్ తొట్టిలో ఎక్కించుకునే ట్రక్ క్యాంపర్లు (లోపలే పడుకుని, వండుకునే చిన్న గదులు) ఎక్కువగా కనిపించేది అమెరికాలో, కెనడాలో. వాటితో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. బండి మోయగలిగిన దానికన్నా ఎక్కించిన బరువు ఎక్కువ. అందుకని ఎయిర్ బ్యాగులకూ (వెనక స్ప్రింగులకు తోడుగా వేసే గాలి సంచులు) స్ప్రింగులకూ డబ్బు పెట్టే ముందు రెండు అంకెలు తెలుసుకోండి. ఒకటి బండి డోరు దగ్గర ఉంటుంది, రెండోది కాటా చీటీ మీద వస్తుంది.

డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు గీతతో ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. మీ బండి పేలోడ్ అదే. బ్రోచర్‌లో వేసే పెద్ద అంకె ఆ మోడల్‌లో అన్నిటికన్నా తేలికైన బండికి వర్తిస్తుంది. డీజిల్ ఇంజన్, నాలుగు డోర్ల క్యాబిన్, సన్‌రూఫ్ ఇలా ఏది చేరినా మీ పేలోడ్ తగ్గుతుంది. దగ్గర్లోనే ఉండే ఇంకో లేబుల్ మీద జీవీడబ్ల్యూఆర్, అంటే బండి మొత్తం బరువు పరిమితి ఉంటుంది. ముందు, వెనక ఇరుసుల పరిమితులు కూడా విడివిడిగా దాని మీదే ఉంటాయి.

లక్షణం: వెనక భాగం కుంగింది, హెడ్‌లైట్ల వెలుగు చెట్ల కొమ్మల మీద పడుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ లెక్క తప్పడమే. క్యాంపర్‌కి చెప్పే ఖాళీ బరువును చూసి కొనేస్తారు. ఆ అంకెలో నీళ్లు ఉండవు, గ్యాస్ ఉండదు, చాలాసార్లు బ్యాటరీలు, ఏసీ కూడా ఉండవు. ఉదాహరణకి పేలోడ్ 2,350 పౌండ్లు ఉన్న ముప్పావు టన్ను (ఇది పికప్ తరగతి పేరే, మోసే బరువు కాదు) డీజిల్ పికప్ మీద 2,100 పౌండ్ల క్యాంపర్ పెట్టారనుకుందాం. ఇంకా 250 మిగిలిందనిపిస్తుంది. ఇప్పుడు వరసగా కలపండి:

- 30 గ్యాలన్ల మంచినీళ్లు: 250 పౌండ్లు (గ్యాలన్‌కు 8.34)
- 6 గ్యాలన్ల వాటర్ హీటర్‌లో నీళ్లు: 50
- 20 పౌండ్ల గ్యాస్ సిలిండర్లు రెండు, ఇనుముతో సహా: 75
- లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు: 110
- పైకప్పు ఏసీ: 90
- బిగింపు బ్రాకెట్లు, టర్న్‌బకిళ్లు (తిప్పి బిగించే మరలు): 65
- గిన్నెలు, దుప్పట్లు, తిండి, పనిముట్లు: 260

క్యాంపర్ అసలు బరువు 3,000కి చేరింది. నలుగురు మనుషులకి 560 వేసుకుంటే మొత్తం 3,560. అంటే పరిమితి మీద 1,210 పౌండ్లు ఎక్కువ. ఆఖరి పద్దును తక్కువ చేసి చూడకండి. ఒక బియ్యం బస్తా, కుక్కర్, రెండు కేసుల నీళ్ల సీసాలు, పెట్రోమాక్స్ సైజు జనరేటర్ చేరితే 260 చాలదు.

పరిష్కారం ఎయిర్ బ్యాగులని చాలామంది నమ్ముతారు. అవి బండిని సమంగా నిలబెడతాయి, అంతవరకే. డోరు దగ్గరి అంకెను ఒక్క పౌండు కూడా పెంచవు, బ్రేకులూ ఫ్రేమూ మారవు. కుంగుడు కళ్లకి కనిపించకుండా పోవడమే వాటితో వచ్చే ప్రమాదం. బరువు పరిమితి లోపలే ఉండి, చూపుకి మాత్రం కాస్త వాలినట్టుంటే అప్పుడు వేయించుకోండి.

బరువు తగ్గించుకోవాలంటే నీళ్లు 10 గ్యాలన్లే పట్టుకెళ్లి దిగిన చోట నింపుకుంటే 167 పౌండ్లు తగ్గుతాయి. లెడ్ బ్యాటరీలు తీసి లిథియం పెడితే 50 దాకా. పికప్ వెనక తలుపును ఇంటి దగ్గరే ఊడదీసి పెడితే ఇంకొంత. ఇవన్నీ కలిపినా 1,210 పూడదు. అంత తేడా ఉంటే క్యాంపరైనా మారాలి, బండైనా మారాలి. గుడ్డ గోడలతో పైకి లేచే పాప్-అప్ క్యాంపర్, లేదా ఒక టన్ను పికప్. వెనక నాలుగు టైర్లున్న ఒక టన్ను బండ్లలో జీవీడబ్ల్యూఆర్ 14,000 దాకా దొరుకుతుంది. కొనేముందే ఈ కూడిక వేసుకుంటే ఆ ఖర్చే రాదు.

కాటా మీద తూయించడం

హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ అనే కాటా మీదికి వెళ్లండి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద ఉండేలా ఆపి, బటన్ నొక్కి చెప్తే లోపల కౌంటర్లో చీటీ ఇస్తారు. స్టీర్ యాక్సిల్ (ముందు ఇరుసు), డ్రైవ్ యాక్సిల్ (వెనక ఇరుసు), మొత్తం అని విడివిడిగా ఉంటాయి. ఒకసారి క్యాంపర్‌తో, ఒకసారి దాన్ని దించేసి తూయించండి. రెండుసార్లూ డీజిల్ అంతే ఉండాలి, లోపల మనుషులు వాళ్లే ఉండాలి.

పై బండికే, 150 పౌండ్ల డ్రైవర్ ఒక్కడితో ఖాళీగా ముందు 4,560, వెనక 3,240, మొత్తం 7,800 వచ్చిందనుకోండి. క్యాంపర్‌తో ముందు 4,710, వెనక 6,090, మొత్తం 10,800. జీవీడబ్ల్యూఆర్ 10,000 కాబట్టి మిగతా ముగ్గురూ ఎక్కకముందే 800 దాటింది. వెనక ఇరుసు పరిమితి 6,200 ఉంటే అది మాత్రం లోపలే ఉన్నట్టు. ఇరుసు సరిపోయింది కదా అని జీవీడబ్ల్యూఆర్‌ను వదిలేసేవాళ్లుంటారు. మా మాట మాత్రం రెండూ లోపల ఉండాలనే.

లక్షణం: స్టీరింగ్ తేలికైపోయింది, బండి లేన్‌లో నిలవడం లేదు

క్యాంపర్ బరువు కేంద్రం వెనక ఇరుసుకి వెనక పడితే ముందు చక్రాల మీది బరువు లేచిపోతుంది. ఎనిమిది అడుగుల తొట్టికి చేసిన క్యాంపర్‌ను ఆరున్నర అడుగుల తొట్టిలో పెట్టినప్పుడు ఇది మామూలు.

నిర్ధారణకి కాటా చీటీలే చాలు. ముందు ఇరుసు మీద పెరిగిన బరువును వీల్‌బేస్‌తో (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) గుణించి, క్యాంపర్ బరువుతో భాగించండి. పై లెక్కలో 150 పెరిగింది, వీల్‌బేస్ 160 అంగుళాలు, క్యాంపర్ 3,000. జవాబు 8. అంటే కేంద్రం ఇరుసుకి 8 అంగుళాలు ముందుంది, మంచిదే. చీటీలో ముందు బరువు పెరగకుండా తగ్గితే కేంద్రం వెనక పడినట్టే. బరువైన సామాను క్యాబిన్ వైపు జరపండి, వెనక తగిలించిన సైకిళ్లూ పెట్టెలూ తీసేయండి. వాడిన నీళ్లు ఎక్కడికీ పోవు, మురుగు ట్యాంకులోకి చేరతాయి. ఆ ట్యాంకు వెనక ఉంటే ఖాళీ చేశాకే బయల్దేరండి. అప్పటికీ ముందు బరువు తేలిపోతుంటే ఆ క్యాంపర్ ఆ తొట్టికి పనికిరాదు.

లక్షణం: మలుపుల్లో, పెద్ద లారీ దాటినప్పుడు పక్కకి ఊగుతోంది

బరువు ఎత్తులో ఉంటుంది కాబట్టి కొంత ఊగుడు తప్పదు. ఎక్కువైతే మొదట టైర్ల గాలి చూడండి. ప్యాసింజర్ రకం టైర్లుంటే వాటి పక్క గోడలు మెత్తన, అవి ఈ పనికి కావు. ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం, లోడ్ రేంజ్ ఇ (ఎక్కువ బరువు మోసే తరగతి) కావాలి. ఎల్‌టీ275/70ఆర్18 ఇ టైరు 80 పీఎస్‌ఐ దగ్గర 3,640 పౌండ్లు మోస్తుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి. గాలి సరిగ్గా ఉన్నా ఊగితే వెనక స్వే బార్ (ఊగుడు తగ్గించే కడ్డీ) వేయించండి. కమాన్ పట్టీల్లో ఓవర్‌లోడ్ పట్టీ (బరువు ఎక్కువైనప్పుడే పనిచేసే అదనపు పట్టీ) ఆలస్యంగా తగులుతుంటే, మధ్య ఖాళీని పూడ్చే దిమ్మలు వేస్తే మొదటి నుంచే పనిలోకి వస్తుంది.

లక్షణం: కాంక్రీటు రోడ్డు అతుకుల మీద ముందూ వెనకా ఎగిరెగిరి పడుతోంది

షాక్ అబ్జార్బర్లు చాలడం లేదు. బరువుకి తగ్గవి, బిగువు మార్చుకునే రకం వేయించండి.

లక్షణం: తొట్టిలో క్యాంపర్ జరుగుతోంది, పక్కలు గీసుకుంటున్నాయి

తొట్టిలో పరిచే ప్లాస్టిక్ లైనర్ మీద క్యాంపర్ జారుతుంది. లైనర్ తీసేసి మందమైన రబ్బరు మ్యాట్ పరచండి. ముందు గోడకీ క్యాంపర్‌కీ మధ్య ఖాళీ ఉంటే చెక్క దిమ్మ పెట్టండి. బిగింపు కొక్కేలు తొట్టి రేకుకి కాకుండా ఫ్రేముకి పట్టుండాలి, లేకపోతే రేకు చిరుగుతుంది. కొత్తగా ఎక్కించినప్పుడు క్యాంపర్ సర్దుకుని టర్న్‌బకిళ్లు వదులవుతాయి. మొదటి 50 మైళ్లకి ఆగి నాలుగూ చేత్తో ఊపి చూసి మళ్లీ బిగించండి.