ఇంటి చిరుతిండి – మూడవ పాఠం: ఛతువా ముద్ద

పోయిన పాఠంలో పెసలు మొలకెత్తించాం. దానికి ముందురోజే నానబెట్టుకోవాలి. ఈ పాఠం ఏ ఏర్పాటూ లేని సాయంత్రాల కోసం. ట్యూషన్ నుంచి వచ్చిన పిల్లలు చెప్పులు విప్పుతూనే "అమ్మా, ఆకలి" అంటే పది నిమిషాల్లో చేతికి అందించగలిగినది.

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో సాయంత్రం అనగానే మరమరాలే గుర్తొస్తాయి. నాకూ ఇష్టమే. కానీ దోసెడు మరమరాలు తూచి చూడండి, పదిహేను గ్రాములు ఉంటే ఎక్కువ. వాటిలో మాంసకృత్తులు సుమారు ఒక గ్రాము. అందుకే పిల్లలు గంట తిరగకుండానే మళ్లీ వంటింట్లోకి వస్తారు. వేయించిన శనగల్లో 100 గ్రాములకు సుమారు 20 గ్రాములు, వేరుశనగ గుళ్లలో సుమారు 25 గ్రాములు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. అన్నం మీదే బతికే మన ఇళ్లలో ఆ 50 చేరడం తేలిక కాదు.

ఛతువా అంటే వేయించిన గింజల పొడి. మన ఊళ్లో ఇది కొత్త మాట కాదు. ఒడిశా అంగన్‌వాడీల్లో పసిపిల్లలకు ఇంటికిచ్చే పొట్లం పేరూ అదే. అందులో గోధుమలు, చక్కెర కూడా కలుస్తాయి. మనం చేసేది శనగలతోనే. నాకు ఇది నేర్పింది పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని).

పావుకిలో వేయించిన శనగలు తెచ్చుకోండి. పొట్టు తీసిన పుట్నాల పప్పు వద్దు, పొట్టులోనే పీచు ఉంది. మందపాటి మూకుడులో, సన్నని మంట మీద మూడు నిమిషాలు కదుపుతూ ఉండండి. ఒక గింజను వేళ్ల మధ్య నలిపితే పొట్టు గలగలమని ఊడిపోవాలి, పప్పు పటుక్కున రెండుగా విరగాలి. మెత్తగా నొక్కుకుపోతే ఇంకా తేమ ఉన్నట్టే.

దించాక పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. ఇక్కడే అందరం తొందరపడతాం. మొదటిసారి నేను వేడి మీదే మిక్సీలో వేశాను. ఆవిరికి జార్ మూత చెమ్మగిల్లి, పొడి అడుగున అట్టకట్టింది. మావుసీ ఆ జార్ చూసి, మాట్లాడకుండా పళ్లెం తెచ్చి నా ముందు పెట్టారు. చల్లారిన శనగలను పొడి చేసి, తడి లేని సీసాలో మూత బిగించి పెడితే రెండు మూడు వారాలు ఢోకా లేదు. ఈ పని ఆదివారం చేసి ఉంచుకుంటే మిగతా రోజుల్లో కలపడమే.

ఇక ముద్ద. ఇద్దరు పిల్లలకు 80 గ్రాముల పొడి, అంటే చిన్న గిన్నెడు. వేయించిన వేరుశనగ గుళ్లు రెండు గుప్పిళ్లు, సుమారు 40 గ్రాములు, కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, కొద్దిగా జీలకర్ర పొడి వేయండి. మావుసీ ఆవనూనె చుక్క వేస్తారు. మా ఇంట్లో నువ్వుల నూనె. చివర నిమ్మరసం. ఇది రుచికి మాత్రమే కాదు, శనగల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా.

నీళ్లు చెంచాతోనే పోయండి. ఛతువా మొదట నీళ్లు తాగదు, తర్వాత ఒక్కసారిగా తాగేస్తుంది. రెండు చెంచాలు పోసి, కలిపి, నిమిషం ఆగండి. పిడికిట్లో నొక్కితే వేళ్ల గుర్తులు నిలవాలి, అరచేతికి అంటకూడదు. జారుగా అయితే ఇంకో చెంచా పొడి కలపండి. నిమ్మకాయంత ఉండలు చేసి ఇవ్వండి. ఒక్కొక్కరికి సుమారు 13 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి, అంటే రెండు కోడిగుడ్లకు తగ్గకుండా.

వేరుశనగ పడనివారికి దాని బదులు వేయించిన నువ్వులు వేయండి. మరీ చిన్నపిల్లలకు పలుకులు గొంతులో అడ్డుపడవచ్చు, వాళ్లకు వేరుశనగ లేకుండా పొడిని మజ్జిగలో పలుచగా కలిపి పట్టండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ని అడిగాకే తినాలి.

ఈ వారం రెండుసార్లు చేసి, మీ పొడికి ఎన్ని చెంచాల నీళ్లు పట్టాయో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం ఘుగునీ, అంటే ఎండు బఠాణీల కూర. దానికి బఠాణీలు ముందు రాత్రే నానబెట్టాలి.