బెంగళూరు ఫ్లాట్ అద్దెకిచ్చి ఊరు మారుతున్నారా? పన్ను లెక్క ఇలా చూసుకోండి

మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో లోన్ మీద ఫ్లాట్ కొన్నారు. ఆఫీసువాళ్లు రెండేళ్లు హైదరాబాద్ వెళ్లమన్నారు. ఇల్లు అద్దెకిద్దామనుకుంటున్నారు. అద్దె ఎంతొస్తుందో బ్రోకర్ చెప్తాడు, పన్ను లెక్క మాత్రం మనమే వేసుకోవాలి. అదీ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే.

1. ముందు తేదీ చూడండి. ఏడాదంతా మనమే ఉన్న ఇంటికి అద్దె విలువ సున్నా. మధ్యలో కొన్ని నెలలు అద్దెకిచ్చినా ఆ సౌకర్యం ఏడాది మొత్తానికీ పోతుంది. ఆ ఇంటికి ఏడాదికి రాగల అద్దె, నిజంగా వచ్చిన అద్దె, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఆదాయంగా చూపాలి. ఫిబ్రవరిలో అద్దెకిస్తే చేతికొచ్చేది రెండు నెలల డబ్బు, లెక్కలోకి వచ్చేది పన్నెండు నెలలది కావచ్చు. పన్ను ఏడాది మొదలయ్యే ఏప్రిల్ 1 నుంచి అగ్రిమెంట్ రాసుకుంటే ఈ గొడవ ఉండదు. పెద్ద లోన్ ఉన్నవాళ్లకు ఆ ఏడాది వడ్డీ మొత్తం తీసేసుకునే వీలుంటుంది కాబట్టి అంత టెన్షన్ అక్కర్లేదు. లోన్ తీరిపోయినవాళ్లే జాగ్రత్తపడాలి.

2. అగ్రిమెంట్‌లో అద్దె వేరు, మెయింటెనెన్స్ వేరు అని రాయించండి. మెయింటెనెన్స్‌ను అద్దెకున్నవాళ్లే నేరుగా అసోసియేషన్‌కు కడితే అది మీ ఆదాయంలోకి రాదు. రెండూ కలిపి మీ అకౌంట్‌లో పడితే మొత్తం అద్దెలాగే కనిపిస్తుంది. తిరిగిచ్చేయాల్సిన అడ్వాన్స్ మీద పన్ను లేదు. అద్దెను భార్య అకౌంట్‌లోనో నాన్నగారి అకౌంట్‌లోనో వేయించుకుంటే పన్ను తప్పుతుందనుకోకండి, ఇల్లు ఎవరి పేర ఉంటే ఆదాయం వాళ్లదే.

3. ఇప్పుడు లెక్క. నెలకు 35,000 చొప్పున ఏడాదికి 4,20,000 వచ్చిందనుకుందాం. మీరు కట్టిన ఆస్తి పన్ను 12,000 తీసేస్తే 4,08,000. అందులో 30 శాతం, అంటే 1,22,400 ఎవరినీ అడగక్కర్లేకుండా తీసేయొచ్చు. రంగులు, ప్లంబర్, బ్రోకరేజీ అన్నీ ఇందులోనే. బిల్లులు చూపించి వేరేగా తగ్గించుకోవడం కుదరదు, అసలేమీ ఖర్చు పెట్టకపోయినా 30 శాతం మీదే. మిగిలింది 2,85,600. లోన్ వడ్డీ 3,60,000 అయితే 74,400 నష్టం తేలుతుంది.

4. ఆ నష్టం ఏమవుతుందన్నది ఆదాయపు పన్నులో మీరు పాత విధానం ఎంచుకున్నారా, కొత్తదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు, మిగిలితే ఎనిమిదేళ్ల దాకా ఇంటి ఆదాయంలో సర్దుకోవచ్చు. కొత్త విధానంలో ఆ నష్టం జీతంలోంచి తగ్గదు, పై ఏడాదికీ పోదు. అయినా చాలామంది గమనించని లాభం కొత్త విధానంలోనే ఉంది. సొంతానికి వాడుకునే ఇంటి వడ్డీకి అక్కడ పైసా మినహాయింపు లేదు. అదే ఇల్లు అద్దెకిస్తే అద్దె ఆదాయం సున్నా అయ్యేదాకా వడ్డీ తీసేసుకోవచ్చు. పై లెక్కలో నాలుగు లక్షల ఇరవై వేలు వచ్చినా దాని మీద పన్ను కట్టేదేమీ లేదు.

హైదరాబాద్‌లో మీరూ అద్దె కడతారు కదా, పాత విధానంలో ఉంటే హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కూడా అడగండి. సొంతిల్లు ఉన్నవాళ్లకు హెచ్ఆర్ఏ రాదని ఆఫీసుల్లో ఇప్పటికీ చెప్తుంటారు, అది నిజం కాదు. ఏడాది అద్దె లక్ష దాటితే అక్కడి ఓనర్ పాన్ తీసుకోండి. జీతగాళ్లు విధానాన్ని ఏటా మార్చుకోవచ్చు కాబట్టి రెండు రకాలుగానూ లెక్కేసి చూడండి.

5. బెంగళూరు ఆస్తి పన్నులో ‘సొంత వాడకం’ అన్నది మార్చండి. బెంగళూరు కార్పొరేషన్‌గా ఉన్న బీబీఎంపీ పెట్టిన యూనిట్ ఏరియా పద్ధతిలో అద్దె ఇళ్లకు చదరపు అడుగు రేటు రెట్టింపు. కట్టిన రసీదు దాచుకోండి, మూడో అంకంలో తీసేసింది ఆ మొత్తమే.

6. నెల అద్దె 50,000 దాటితే అద్దెకున్నవాళ్లు 2 శాతం టీడీఎస్ (మీకిచ్చే అద్దెలోంచే తీసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టుకోవాలి. అంతకు లోపైతే పట్టుకోరు, పన్ను తేలేటట్టుంటే మీరే చూసుకోవాలి. టీడీఎస్ పోగా ఏడాదికి 10,000 లేదా అంతకు పైన కట్టాల్సి వస్తే అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే పన్ను) కట్టాలి, లేదంటే నెలకు 1 శాతం వడ్డీ. ఆఫీసులో అద్దె ఆదాయం ముందే చెప్పేస్తే జీతంలోంచే పట్టేస్తారు, అది సులువు.

వెళ్లేది హైదరాబాద్ కాక డల్లాస్ అయితే కథ వేరు. ఎన్నారై ఓనర్‌కు అద్దె ఎంత తక్కువైనా సెస్‌తో కలిపి 31.2 శాతం పట్టుకునే బాధ్యత అద్దెకున్నవాళ్లదే. చాలామందికి ఆ సంగతి తెలియదు, అగ్రిమెంట్‌లోనే రాయించండి. అసలు పన్నే తేలని వాళ్లు తక్కువ టీడీఎస్ కోసం ఆదాయపు పన్ను శాఖకు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేకపోతే ఆ డబ్బు రిటర్న్ వేసి రిఫండ్ వచ్చేదాకా అక్కడే ఉంటుంది.