చేతి వీడియో గేమ్ వదలని పిల్లలు: లాక్కునే ముందు స్క్రీన్ చూడండి

తిరుపతిలో మే నెల గంగమ్మ జాతర ముగిసిన వారం పది రోజులకు నా రిపేరు అంగడికి ఒకే రకం కేసులు వస్తాయి. జాతరలో కొన్న చేతి వీడియో గేమ్, దాన్ని పట్టుకుని కోపంగా ఒక నాన్న, వెనకే ఏడ్చి ముఖం వాచిన పిల్లాడు. పిల్లాడికి వినపడకుండా ఆయన నాతో, "అన్నా, ఇది చెడిపోయింది, ఇంక బాగవదు అని చెప్పి నీ దగ్గరే పెట్టేసుకో" అంటాడు. గేమ్‌కు ఏమీ కాలేదు. నేను అడిగేది ఒకటే. "నిన్న రాత్రి లాక్కున్నప్పుడు స్క్రీన్ మీద ఏముండిందన్నా?" దానికి జవాబు ఉండదు. ఇన్నేళ్లుగా చెబుతున్నా ఈ ఒక్కటి చూడకుండానే వస్తున్నారు.

ముందు హోంవర్క్, అన్నం దగ్గర గేమ్ వద్దు, రోజుకు ఇంతసేపే అనే నియమాలు ప్రతి ఇంట్లో ఉన్నవే. వాటి గురించి రాయను. అవన్నీ పెట్టుకున్నా రోజూ రాత్రి గొడవ జరిగే ఇళ్ల కోసం ఇది.

లక్షణం: "ఒక్క అయిదు నిమిషాలు" అని ఆరుసార్లు అడుగుతాడు. లాక్కుంటే అరుస్తాడు, అన్నం ముట్టడు. రోజులు గడిచేకొద్దీ ఇంకా మొండికేస్తాడు.

కారణం: ఆ ఆటలో సేవ్ లేదు.

జాతరలోనూ బజారులోనూ దొరికే 400 ఆటల గేముల్లో ఎక్కువగా ఉండేవి 1980లలో టీవీకి తగిలించి ఆడిన ఆటలు. పిల్లలు ఎక్కువగా పట్టుకునే మారియో ఆట (సూపర్ మారియో బ్రదర్స్) 1985లో వచ్చింది. అందులో 8 వరల్డ్‌లు, ఒక్కో దాంట్లో 4 స్టేజిలు, మొత్తం 32. ఎంత దూరం వెళ్లినా ఆట దాన్ని గుర్తు పెట్టుకోదు. స్విచ్ ఆపితే అంతా పోయి మళ్లీ మొదటి స్టేజి. రీసెట్ బటన్ నొక్కినా అంతే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాడిని గాలిగోపురం దగ్గర ఆపి, "ఈ రోజుకు చాలు, దిగు, రేపు మొదటి మెట్టు నుంచి రా" అంటే ఎలా ఉంటుందో మనం స్విచ్ ఆపినప్పుడు పిల్లాడికి అలా ఉంటుంది.

ఇది నేను మా ఇంట్లోనే ఆలస్యంగా తెలుసుకున్నాను. అప్పుడు మావాడికి తొమ్మిదేళ్లు. రాత్రి తొమ్మిదవుతోంది, సంకటి చల్లారిపోతోంది, మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి వెళ్లి చేతిలో ఉండగానే స్విచ్ కిందికి జరిపేశాను. వాడు అరవలేదు. రెండు బొటనవేళ్లు బటన్ల మీద అలాగే ఉంచి నల్లబడిన స్క్రీన్ చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "నాన్నా, ఎనిమిదో వరల్డ్" అన్నాడు. నాకు అర్థం కాలేదు. సంకటి తినకుండానే పడుకున్నాడు.

తర్వాత దుప్పటి కింద దొంగచాటుగా ఆడటం మొదలుపెట్టాడు. పిచ్చి ముదిరిందనుకుని గేమ్ తెచ్చి వారం రోజులు అంగడిలో పెట్టి తాళం వేశాను. పక్కింటి పిల్లాడి గేమ్ కోసం వాళ్లింటికి పోయాడు. చివరికి ఒక ఆదివారం పక్కన కూర్చుని అడిగితే చెప్పాడు: అందరూ పడుకున్నాక ఆడితే మధ్యలో ఎవరూ ఆపరని. దుప్పటి కింద ఆట నేను నేర్పినదే. నేను లాక్కోకపోయి ఉంటే వాడికి ఆ అవసరం వచ్చేది కాదు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పరిష్కారం: గడియారంతో కాకుండా ఆట లెక్కతో ఆపండి. అన్నానికి పది నిమిషాల ముందు వెళ్లి పక్కన కూర్చుని, "ఇప్పుడు ఎన్నో స్టేజి నాయనా?" అని అడగండి. "ఇది అయినాక ఆపేద్దాం" అనండి. గుమ్మం దగ్గర నుంచి కేకేస్తే పని కాదు.

స్టేజి పొడుగైతే స్టార్ట్ బటన్ నొక్కించండి, ఆట అక్కడే ఆగుతుంది. గేమ్‌ను ఆపకుండా వాడికి కనిపించేచోట షెల్ఫ్ మీద పెట్టి చార్జర్ తగిలించండి. పాజ్‌లో ఉన్నా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వీటిలో చాలావాటికి పాత బటన్ ఫోన్లలో వచ్చే బీఎల్-5సీ రకం బ్యాటరీయే ఉంటుంది. అన్నం తినే అరగంటకు ఇలా పెడితే సరిపోతుంది. రాత్రంతా మాత్రం చార్జింగ్‌లో వదలకండి. నాసిరకం బ్యాటరీలు వేడెక్కి ఉబ్బిపోతాయి, అలాంటివి నా టేబుల్ మీదికి తరచుగా వస్తాయి.

రాత్రికి ఎలాగూ ఆపాలి కదా. మావాడికి పనిచేసింది ఇది. మారియోలో 1-2 స్టేజి (మొదటి వరల్డ్‌లో రెండోది) చివర పైకప్పు మీదుగా నడిచి వెళితే మూడు పైపులుంటాయి, వాటిలో ఒకటి నేరుగా నాలుగో వరల్డ్‌కు పోతుంది. 4-2లో కనిపించని ఇటుకలకు తల తగిలించి, వాటి మీదికెక్కి పై ఇటుకను గుద్దితే తీగ వస్తుంది. అది ఎక్కితే ఎనిమిదో వరల్డ్‌కు దారి. అంటే స్విచ్ ఆపినా మర్నాడు నాలుగు స్టేజిల్లో ఎనిమిదికి చేరొచ్చు. ఇంకొకటి, గేమ్ ఓవర్ అయినాక మొదటి స్క్రీన్‌లో 'A' అని రాసి ఉన్న బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే చచ్చిపోయిన వరల్డ్ మొదటి నుంచే ఆట మొదలవుతుంది. ఇది స్విచ్ ఆపనంతవరకే. ఈ రెండూ చీటీ మీద రాసిచ్చాను. ఆ రాత్రి స్విచ్ వాడే ఆపాడు.

నింటెండో స్విచ్ అనే పేరుతో వచ్చే ఖరీదైన గేమ్ లాంటివైతే ఈ బాధ తక్కువ. పవర్ బటన్ ఒకసారి నొక్కితే నిద్రలోకి పోతుంది, మళ్లీ తీస్తే ఆగినచోటే ఉంటుంది. ఆన్‌లైన్ మ్యాచ్‌లకు మాత్రం ఇది వర్తించదు, అవి ఎవరి కోసమూ ఆగవు. ఫోన్‌లో జట్టుగా ఆడే ఆటలూ అంతే. వాటికి నిమిషాలు కాదు, మ్యాచ్‌లు లెక్కపెట్టండి. "రెండు మ్యాచ్‌లు" అనండి. అన్నానికి పావుగంట ఉందంటే కొత్తది మొదలుపెట్టనివ్వకండి.

లక్షణం: బడి నుంచి రాగానే గేమ్, పలకరిస్తే చిరాకు.

ఆకలి. వేయించిన శెనక్కాయలు గానీ ఇంకేదైనా గానీ పెట్టి, తిన్నాక మాట్లాడండి.

లక్షణం: తలనొప్పి, కళ్లలో నీళ్లు.

కంటి డాక్టరుకు చూపించండి. స్క్రీన్ మెరుపులకు ఫిట్స్ రావడం చాలా అరుదు, వస్తే మాత్రం గేమ్ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

లక్షణం: "మావాడికి గేమ్ జబ్బు పట్టిందన్నా."

అలాంటి జబ్బు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేర్చిన జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ నిర్ధారించాలంటే మామూలుగా 12 నెలలు చూస్తారు, చదువు, ఇల్లు, స్నేహాలు లాంటివి బాగా దెబ్బతినాలి. జాతర అయిన పది రోజులకు దాన్ని ఊహించుకుని టెన్షన్ పడకండి. నిజంగా అంత దూరం పోయిందనిపిస్తే తిరుపతి రుయా ఆస్పత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి, లేదంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

లక్షణం: పాజ్ చేయమంటే "పడటం లేదు" అంటాడు.

అబద్ధం అనుకోకండి. స్టార్ట్ బటన్ కింద టీవీ రిమోట్‌లో ఉన్నట్టే రబ్బరు ప్యాడ్ ఉంటుంది, చెమటా మురికీ చేరితే కాంటాక్ట్ పోతుంది. గేమ్ ఆపి, బ్యాటరీ తీసి, వెనక స్క్రూలు విప్పి, ఆ ప్యాడ్‌నూ బోర్డు మీద దాని కింద ఉండే నల్లటి చోటునూ స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి. బాగా ఆరినాక బిగించండి.