సీబీసీ రిపోర్టులో తెల్లకణాల లెక్క: గుండె కోసం ఎలా చూసుకోవాలి

ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా సీబీసీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు చూసి మడిచి పెట్టేస్తుంటారు. తెల్లకణాల లెక్క ఉండే టీఎల్‌సీ లేదా డబ్ల్యూబీసీ అన్న వరుస కూడా చూడండి. పెద్దవాళ్లకు మామూలు లెక్క మైక్రోలీటరు రక్తానికి సుమారు 4,000 నుంచి 11,000. కొన్ని మిషన్లు 9.6 అని మాత్రమే వేస్తాయి. అంటే 9,600.

ఈ హద్దుల్లోనే ఉన్నా, ఏళ్ల తరబడి పై అంచునే నడిచేవాళ్లలో గుండెపోటు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. రక్తనాళం గోడలో కొవ్వు చేరినచోట మోనోసైట్లనే ఒక రకం తెల్లకణాలు లోపలికి దూరి, ఆ కొవ్వును మింగి, అక్కడే పూడికగా పేరుకుంటాయి. లెక్క పెరగడం ఆ లోపలి వాపుకు ఒక ఆనవాలు, అంతే. దాన్ని తగ్గించే మాత్ర కోసం వెతక్కండి. యాంటీబయాటిక్ అసలే వద్దు.

ఒక్క రిపోర్టుతో ఏమీ తేల్చుకోకూడదు. జలుబు, పంటి చీము, గర్భం, మోకాళ్ల నొప్పులకు వేయించుకున్న స్టెరాయిడ్ ఇంజెక్షన్, పరీక్షకు ముందు పరుగు, ఇవన్నీ లెక్కను పైకి లేపుతాయి. జ్వరం పూర్తిగా తగ్గాక మూడు నాలుగు వారాలు ఆగి, పొద్దున్నే కాసేపు కుదురుగా కూర్చుని రక్తం ఇవ్వండి. సీబీసీకి పరగడుపు అక్కర్లేదు. ఊదారంగు మూత గొట్టంలో రక్తం పడగానే దాన్ని మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి. అలా చేయకపోతే సన్నని గడ్డలు కట్టి లెక్క తప్పుతుంది. పల్లెలో తీసిన నమూనా ఎండలో గంటల తరబడి పడి ఉన్నా అంతే.

తర్వాత తెల్లకణాల్లో ఏ రకం ఎంతో చెప్పే శాతాలు చూడండి. 9,600లో న్యూట్రోఫిల్స్ అనే రకం 70 శాతమైతే వాటి లెక్క 6,720. పెరిగింది ఈసినోఫిల్స్ అనే రకం అయితే ముందుగా అనుమానించాల్సింది అలర్జీని, నులిపురుగులను. లెక్క 11,000 దాటి, మళ్లీ చేయించినా దిగకపోతే, లేదా రిపోర్టులో బ్లాస్ట్ కణాలని (ఇంకా ముదరని కణాలు) రాసుంటే డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయొద్దు.

పై అంచున నిలకడగా ఉంటే మొదట అడగాల్సింది పొగాకు గురించే. కొండపి, టంగుటూరు వైపు పొగాకు పంటతోనే బతుకు, చుట్టా బీడీ చేతికందే దూరంలోనే ఉంటాయి. పొగ తాగేవాళ్లలో తెల్లకణాలు ఎక్కువ, మానేస్తే క్రమంగా దిగుతాయి. నడుం కొలత కూడా తీసుకోండి: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. బీపీ, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చూపించుకోండి. మందులు వాడాలా వద్దా అని డాక్టరు తేల్చేది ప్రధానంగా వీటిని బట్టే. ఒంట్లో వాపును కొలిచే హెచ్‌ఎస్-సీఆర్‌పీ రక్తపరీక్ష చేయిస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, 3 దాటితే ముప్పు ఎక్కువ. 10 పైన వస్తే ఏదో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసి మళ్లీ చేయించాలి.

ఛాతీ బిగబట్టి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే మాత్రం సీబీసీ ఎంత బాగున్నా పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావాల్సింది ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష.