నవల చదవకముందే థియరీ జోలికి పోకండి

ఇంగ్లిష్‌లో వచ్చిన పోస్ట్‌కలోనియల్ నవలలు (వలసపాలన, దాని ప్రభావాల గురించి రాసినవి) సిలబస్‌లో ఉన్నాయనగానే చాలామంది ముందు సయీద్, స్పివాక్, భాభా లాంటి సిద్ధాంతకర్తల పేర్లు నోట్స్‌లోకి ఎక్కించేసి, తర్వాత వాళ్లకు సరిపోయే లైన్లు నవలలో వెతుక్కుంటారు. నేనూ అదే చేశాను. 'హైబ్రిడిటీ' (పాలకుల, పాలితుల సంస్కృతులు కలగలవడం) అన్న మాట పేజీకి నాలుగుసార్లు రాశాను గానీ, నవలలో ఎవరు ఎవరితో ఏమన్నారో గుర్తులేదు. మార్కులూ అలాగే వచ్చాయి.

కాబట్టి ముందు నవల. మొదటిసారి కథ కోసం చదవండి, తెలియని మాట తగిలితే పెన్సిల్‌తో గీత పెట్టి ముందుకు పోండి. రెండోసారి ఆ గీతల కోసమే చదవండి. నైజీరియా రచయిత అచెబె 'థింగ్స్ ఫాల్ అపార్ట్'లో చి, ఎగ్వుగ్వు, ఓగ్బాంజె లాంటి ఇగ్బో భాష మాటలు ఇంగ్లిష్ వాక్యాల మధ్య అలాగే కూర్చుని ఉంటాయి. ఏ మాటకు కథలోనే అర్థం తెలుస్తోంది, ఏది మన ఊహకే వదిలేశాడు? మార్జిన్‌లో రాసుకోండి, సగం ఆన్సర్ అక్కడే దొరుకుతుంది.

ప్రతి నవలకూ మూడు తేదీలు పక్కన పెట్టుకోండి: కథ జరిగే కాలం, పుస్తకం వచ్చిన ఏడు, ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు. అచెబె కథ 19వ శతాబ్దం చివర జరుగుతుంది, పుస్తకం 1958లో వచ్చింది, నైజీరియాకు స్వాతంత్ర్యం 1960లో వచ్చింది. అంటే తెల్లవాళ్లు ఇంకా వెళ్లకముందే, వాళ్లు వచ్చిన రోజుల గురించి రాశాడన్నమాట. తేదీలు పట్టించుకోకపోతే నైజీరియా, జమైకా, ఇండియా అన్నీ కలిపి ఒకే ముద్ద అయిపోతాయి, అదే పెద్ద తప్పు.

ఎవరి కళ్లతో చూస్తున్నామో, ఆ కళ్లు ఎక్కడ మారుతున్నాయో కూడా గమనించండి. అచెబె నవల చివరి పేరాలో కథ ఉన్నట్టుండి బ్రిటిష్ జిల్లా కమిషనర్ బుర్రలోకి వెళ్లిపోతుంది. తను రాయబోయే పుస్తకంలో కథానాయకుడు ఒకోంక్వో మీద ఒక అధ్యాయం రాయొచ్చేమో అనుకుంటాడు, వెంటనే, అంత అక్కర్లేదు, ఒక పేరా చాల్లే అనుకుంటాడు. 25 అధ్యాయాల పాటు మనం చూసిన మనిషి వాళ్ల రికార్డులో ఒక్క పేరా! ఇది తగిలాక, తూర్పు దేశాల గురించి పాశ్చాత్యులు ఎలా రాశారో చెప్పే సయీద్ 'ఓరియంటలిజం' తెరవండి, అప్పుడు అది బరువుగా అనిపించదు.

కొన్ని నవలల్ని జంటగా చదవాల్సిందే. 1847 నాటి 'జేన్ ఐర్'లో అటక మీద బంధించిన భార్యకు 1966లో జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ'లో గొంతు ఇచ్చింది. అందులో ఆ భార్య అసలు పేరు ఆంటోనెట్. భర్త ఆంటోనెట్‌ను 'జేన్ ఐర్'లో ఉన్న బెర్తా అన్న పేరుతో పిలవడం మొదలుపెడతాడు, అతని పేరు మాత్రం నవలలో ఎక్కడా రాదు. పేరు ఎవరు పెడుతున్నారు, ఎవరి పేరు పోతోంది అని గీతలు పెట్టుకుంటూ వెళ్తే ఒక వ్యాసానికి సరిపడా సరుకు ఉంది.

'మిడ్‌నైట్స్ చిల్డ్రన్'లో కథ చెప్పే సలీమ్, గాంధీ హత్య తేదీ తప్పు చెప్తాడు, తప్పని తెలిశాక కూడా దిద్దడు. రచయిత రష్దీ పొరపాటని కొట్టేయకండి, కథ చెప్పేవాడిని ఎంత నమ్మాలో ఆలోచించండి.

ఇక 'అసలు ఇంగ్లిష్‌లో ఎందుకు రాయాలి' అన్న ప్రశ్న పరీక్షలో ఏదో రూపంలో వచ్చేస్తుంది. దానికి ఇంగ్లిష్‌లో రాయడాన్ని సమర్థించిన అచెబెనూ, ఇంగ్లిష్ వదిలి తన మాతృభాష గికుయుకు మారిపోయిన కెన్యా రచయిత గూగీనీ ఎదురెదురుగా పెట్టి చదవండి. ఆన్సర్ మాత్రం నవలలోని ఒక వాక్యంతో మొదలుపెట్టండి, థియరీ మాట రెండో పేరాలో, అదీ ఇంకా అవసరం ఉంటేనే.