కస్టమర్ మనసు తెలుసుకోవాలంటే ఏం అడగాలి, ఎలా అడగాలి?

ఇంట్లో దోశ పిండి రుబ్బి ప్యాకెట్లు అమ్ముదామనుకునేవాళ్లు నా దగ్గరికొచ్చి చెప్పే మొదటి మాట ఒకటే: "సర్వే చేశామండీ, అడిగినవాళ్లంతా కొంటామన్నారు." మూడు నెలలు తిరిగేసరికి ఫ్రిజ్ నిండా పులిసిన పిండి మిగులుతుంది. అడిగినవాళ్లు అబద్ధం చెప్పలేదు. మొహమ్మీద వద్దనలేక సరే అన్నారు. తప్పు ప్రశ్నదే. ఇన్నేళ్లుగా ఇదే చూస్తున్నాను కాబట్టి, దోశ పిండినే ఉదాహరణగా తీసుకుని పద్ధతి చెబుతాను.

1. సామాను

జేబులో పట్టే నోట్‌బుక్, పెన్ను చాలు. ఫారాలు వద్దు, గూగుల్ ఫామ్ అసలే వద్దు. ఫారం కనబడగానే మనిషి పరీక్ష రాస్తున్నట్టు జవాబు చెబుతాడు.

2. ముందు చూడండి

తెలిసిన కిరాణా షాపు ఓనర్‌ను అడిగి, సాయంత్రం 6 నుంచి 8 దాకా ఓ పక్కన నిలబడండి. జీతాలొచ్చిన వారంలో ఒక రోజు, నెలాఖరులో ఒక రోజు. ఆ రెండు రోజులూ ఒకేలా ఉండవు. చెయ్యి ముందు దేనిమీదకు వెళ్లింది, ధర అడిగాక ఏది వెనక్కి పెట్టారు, పిల్లల మాట ఎక్కడ నెగ్గింది, ఇవి రాసుకోండి.

కుదిరితే ఒకటి రెండు వంటిళ్లు కూడా చూడండి. 1994లో కెలాగ్స్ మన దేశంలో కార్న్‌ఫ్లేక్స్ దింపింది. అవి చల్లటి పాలలో కరకరలాడేలా చేసినవి. మన ఇళ్లలో కాచిన వేడి పాలు పోసేసరికి మెత్తబడిపోయాయి. నాలుగు ఇళ్లలో పొద్దున పూట కూర్చుంటే తెలిసే సంగతి అది.

3. అడగడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

"మా పిండి కొంటారా?" అని ఎప్పుడూ అడగకండి. రేపు ఏం చేస్తారో మనుషులకు తెలియదు, నిన్న ఏం చేశారో తెలుసు. అందుకని జరిగినదాన్నే అడగండి. "చివరిసారి దోశలు ఎప్పుడు పోశారండీ? పిండి ఇంట్లో రుబ్బిందేనా? పప్పు నానబోయడం మర్చిపోయిన రోజు ఏం చేశారు?" బయట కొన్నామంటే ఎక్కడ, ఎంతకు, మిగిలింది ఏమైంది అని ఒక్కొక్కటిగా అడగండి. జవాబయ్యాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. కాసేపు ఆగితే అసలు మాట అప్పుడు బయటికొస్తుంది.

"బయటి పిండిలో సోడా కలుపుతారు కదండీ" అన్నారంటే ఆ ఇంటర్వ్యూ అక్కడితో చెడిపోయినట్టే. జవాబు మీరే నోటికందించారు. అత్తగారి ముందు కోడలిని అడగడమూ అంతే. ఆ ఇంట్లో పిండి ఎప్పుడూ రుబ్బిందే అవుతుంది.

ఇంకా చిక్కేమిటంటే, కొన్ని కారణాలు మనుషులు తమకు తాము కూడా ఒప్పుకోరు. అమెరికాలో ఇన్‌స్టంట్ కాఫీ ఎందుకు నచ్చదని ఇల్లాళ్లను అడిగితే రుచి బాగోదన్నారు. మేసన్ హేర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అంతటితో వదల్లేదు. 1950లో ప్రచురించిన పరిశోధనలో ఆయన రెండు సరుకుల చీటీలు వాడాడు. అన్నీ అవే సరుకులు, కాఫీ ఒక్కటే తేడా. ఒకదాంట్లో నెస్‌కెఫే ఇన్‌స్టంట్, రెండోదాంట్లో మామూలు కాఫీ పొడి. ఈ సరుకులు కొన్నామె ఎలాంటి మనిషో చెప్పమన్నాడు. నెస్‌కెఫే చీటీ చూసినవాళ్లలో 48 శాతం మంది ఆమెను బద్ధకస్తురాలన్నారు. రెండో చీటీ చూసినవాళ్లలో అలా అన్నది 4 శాతమే. అసలు అడ్డు రుచి కాదు, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ.

దోశ పిండికీ ఇది బాగా పనికొస్తుంది. ఒక చీటీలో మినపప్పు, బియ్యం, రెండోదాంట్లో పిండి ప్యాకెట్, మిగతా సరుకులన్నీ ఒకటే. కానీ ఒక మనిషికి ఒక్క చీటీయే చూపించాలి. ఒకసారి నాతో వచ్చిన కుర్రాడు తొందరలో రెండూ ఒకరికే చూపించుకుంటూ పోయాడు. తేడా ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది, మర్యాదైన జవాబులే వచ్చాయి. రెండు రోజుల పని మళ్లీ మొదటినుంచి చేశాను.

4. ఎంతమందిని?

పదిహేను మంది. కొత్త మాట వినబడటం ఆగిపోతే ఇంకా ముందే ఆపేయండి. వందల మందితో సర్వే తర్వాతి పని. విన్న కారణాల్లో ఏది ఎంతమందిదో లెక్కపెట్టడానికే అది పనికొస్తుంది, కారణం కనిపెట్టడానికి కాదు.

5. అమ్మి చూడండి

శాంపిల్ ఊరికే పంచి "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. కోకాకోలా 1985లో కొత్త రుచి తెచ్చేముందు దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించింది, వాళ్లలో ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. అయినా 79 రోజుల్లో పాత రుచిని వెనక్కి తేవాల్సి వచ్చింది. గుక్కెడు తాగి చెప్పడం వేరు, అలవాటైనది పోతుందంటే వచ్చే బాధ వేరు. ఆ రెండోదాన్ని ఎవరూ సరిగ్గా అడగలేదు.

అందుకే ఇరవై ప్యాకెట్లు పూర్తి ధరకే అమ్మండి, చుట్టాలకు కాదు. ఎవరు కొన్నారో రాసుకుని పది రోజులు ఆగండి. మళ్లీ వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ నోట్‌బుక్‌తో వెళ్లి కలవండి. మొదటి ప్యాకెట్ ఎన్ని రోజులకు అయిపోయింది, ఆఖరి గరిటె పుల్లబడిందా, దోశలు పోసేటప్పుడు ఇంట్లో ఎవరైనా ఏమైనా అన్నారా అని అడగండి.